పిల్లల్ని అత్తయ్యగారికి అప్పజెప్పి రెండు రాత్రులు వైజాగ్: ముందు ఇంటి సంగతి, తర్వాత ఊరి సంగతి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. పెళ్ళయి పదేళ్ళు. బాబుకి ఏడు, పాపకి మూడు. ఉండేది కూకట్‌పల్లి. ఇద్దర్నీ వదిలి ఇంతవరకూ ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చి చూసుకుంటానన్నారు. మీవారు గోవా అంటున్నారు. పాప రాత్రి లేచి ఏడుస్తుందేమోనని మీకు టెన్షన్. మీ అమ్మగారేమో "పిల్లల్ని వదిలేసి ఏం సరదానే" అన్నారు. ఎక్కడికి వెళ్ళాలి, ఇంట్లో ఏ ఏర్పాట్లు చేసుకోవాలి అని అడిగారు.

వెళ్ళండి. గోవా కాదు, వైజాగ్ వెళ్ళండి.

మా పిల్లలిప్పుడు పెద్దవాళ్ళయ్యారు గానీ, చిన్నది మీ పాపంత ఉన్నప్పటి నుంచీ మావారూ నేనూ వీలైనప్పుడల్లా ఇలా ఓ వారాంతం వెళ్ళొస్తూనే ఉన్నాం. అందరూ ముందు ఊరు ఎంచుకుని, టికెట్లు కొని, ఆఖర్న ఇంటి సంగతి చూసుకుంటారు. నేను తిరగేసి చేయమంటాను. ఇంట్లో ఉన్న పెద్దావిడకి ఇబ్బంది లేకుండా ఉంటే మీరు మామూలు లాడ్జిలో ఉన్నా హాయిగానే ఉంటుంది. ఆవిడ సతమతమవుతుంటే ఎంత పెద్ద హోటల్లో కూర్చున్నా మీ కళ్ళు ఫోన్ మీదే ఉంటాయి.

గోవా ఎందుకు వద్దన్నానో చెప్తాను. మొదటిసారికి ఊరు ఎంచుకోవడానికి నా కొలత ఒక్కటే. రాత్రి పదకొండింటికి ఇంటి నుంచి "పాపకి జ్వరం ఎక్కువగా ఉంది" అని ఫోనొస్తే మర్నాడు మధ్యాహ్నంలోపు ఇంటికి చేరగలరా? వైజాగ్ నుంచి చేరగలరు. విమానంలో గంటంపావు, రోజుకి చాలానే ఉన్నాయి. అవి కుదరకపోతే తెల్లవారుజామున బయలుదేరే వందేభారత్ మధ్యాహ్నానికల్లా సికింద్రాబాద్‌లో దింపుతుంది. గోవాలో అలా కాదు. ఎయిర్‌పోర్టు ఓ మూల, మీరుండే బీచ్ ఇంకో మూల. ఉన్న ఒకటిన్నర రోజులో సగం టాక్సీలకే పోతుంది. కూర్గ్, మున్నార్, అరకు లాంటి కొండ ప్రాంతాలు కూడా మొదటిసారికి వద్దు. కొన్ని చోట్ల సిగ్నలే సరిగ్గా ఉండదు. అక్కడ ఫోన్ మోగకపోతే ప్రశాంతత రాదు, దడ వస్తుంది. బెంగళూరు, చెన్నై కూడా ఈ కొలతకి నిలుస్తాయి. కానీ మీకు కావలసింది కాస్త సముద్రం, కాస్త నడక, బోలెడంత నిద్ర అని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. దానికి వైజాగే సరి.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆవిడ తనంతట తనే వస్తానన్నా సరే, మీవారు ఫోన్ చేసి విడిగా అడగాలి. మీరు కాదు, ఆయన. "అమ్మా, ఫలానా శనివారం నీకు కుదురుతుందా, ఇద్దర్నీ చూసుకోగలవా" అని కొడుకు అడిగితే ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతీ, ఊళ్ళో పేరంటం సంగతీ చెప్తుంది. కోడలు అడిగితే మొహమాటానికి "పర్లేదమ్మా" అనేస్తుంది. తేదీ కూడా ఆవిడ వీలును బట్టే పెట్టుకోండి. శ్రావణమాసం వద్దు, వ్రతాలతో ఎవరింట్లో వాళ్ళకే తీరిక ఉండదు. బాబు స్కూల్లో ఎఫ్ఏ పరీక్షలున్న వారం అసలే వద్దు.

ఆవిడ్ని మీరు బయలుదేరే రోజున రప్పించకండి. ఒకటి రెండు రోజులు ముందే వచ్చి ఉండాలి. ఆ రెండు రోజులూ పాపకి స్నానం, అన్నం, నిద్రపుచ్చడం ఆవిడే చేయాలి, మీరు పక్క గదిలో ఉండాలి. వంటింట్లో పప్పుల డబ్బా ఎక్కడుందో, గీజర్ స్విచ్ ఏదో, నీళ్ళ మోటర్ ఎప్పుడు వేయాలో, గ్యాస్ అయిపోతే రెండో సిలిండర్ ఎలా తగిలించాలో మాటల్లో చెప్తే గుర్తుండదు. ఆవిడ చేత ఒకసారి చేయించండి. పనిమనిషిని మీరు ఊళ్ళో లేని రెండు రోజులూ ఉదయం, సాయంత్రం కూడా రమ్మనండి. వీలైతే కాసేపు ఎక్కువ ఉండమని అడిగి, అందుకు విడిగా డబ్బులివ్వండి. ఏడేళ్ళవాడు ఒకవైపు, మూడేళ్ళది ఇంకోవైపు పరిగెడితే అరవై దాటినావిడ ఒక్కతే పట్టుకోలేదు. ఇంట్లో చిల్లర డబ్బులు పెట్టండి. యూపీఐ వచ్చినా రాకపోయినా, పాలవాడికీ కూరలబండికీ నోట్లుంటే ఆవిడకి ధైర్యం. ఈ ఖర్చులన్నీ, ఆవిడ రానుపోను టికెట్లతో సహా, ట్రిప్పు ఖర్చులోనే వేసుకోండి. చాలామంది ఇవి లెక్కలో వేసుకోరు. తర్వాత "ఇంతైందేంటి" అనుకుంటారు.

రూల్స్ మాత్రం రాసి పెట్టకండి. టీవీ అరగంటే, చాక్లెట్ వద్దు, ఎనిమిదిన్నరకి లైట్లు ఆపాలి అని ఫ్రిజ్ మీద కాగితం అంటిస్తే, ముగ్గురు పిల్లల్ని పెంచినావిడకి మనం పరీక్ష పెట్టినట్టుంటుంది. రెండు రోజులు కార్టూన్లు ఎక్కువ చూస్తే ఏమీ కాదు. నేను గట్టిగా చెప్పేవి రెండే: పాపకి పడని తిండి ఏదైనా ఉంటే అది, మందుల సంగతి.

మందుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. పిల్లల పారాసిటమాల్ అన్ని సీసాల్లో ఒకేలా ఉండదు. ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములుంటే ఇంకో దాంట్లో అదే 5 ఎంఎల్‌కి 250 ఉంటాయి. చుక్కల మందులోనైతే ఒక్క ఎంఎల్‌లోనే 100. బాబు సీసా తీసి పాపకి "చెంచాడు" వేస్తే మోతాదు రెట్టింపయిపోవచ్చు. కాబట్టి ఇంట్లో ఒక్క రకం సీసానే ఉంచి మిగతావి లోపల పెట్టేయండి. పిల్లల డాక్టర్ని అడిగి, వాళ్ళ బరువుకి ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకోసారి అన్నది సీసా మీదే మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయండి. పక్కనే కొలత కప్పు పెట్టండి. డాక్టర్ నంబరు, మీరు వెళ్ళే ఆసుపత్రి పేరు, 108, పక్కింటివాళ్ళ నంబరు, స్కూల్ వ్యాన్ డ్రైవర్ నంబరు ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఇన్సూరెన్స్ కార్డు, పిల్లల ఆధార్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి ఆవిడ చేతికివ్వండి. రాత్రివేళ కారు తీయగలిగిన మనిషి, తమ్ముడో స్నేహితుడో, ఆ వారాంతం ఊళ్ళోనే ఉంటాడని ముందే కనుక్కోండి. ఇంత చేశాక ఇక భయపడటానికి పెద్దగా ఏమీ మిగలదు.

పిల్లలకి ఎప్పుడు చెప్పాలి? బాబుకి వారం ముందే చెప్పండి, క్యాలెండర్ చూపించండి. పాపకి ముందు రోజు చాలు. మూడేళ్ళ పిల్లకి "ఆదివారం వస్తాం" అంటే తెలియదు. "రెండుసార్లు బజ్జుని లేచాక, సాయంత్రం ఆడుకుని వచ్చేసరికి అమ్మ ఉంటుంది" అంటే తెలుస్తుంది. నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా జారుకోమని పెద్దవాళ్ళు సలహా ఇస్తారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. లేచి చూసి అమ్మ లేకపోతే, ఆ తర్వాత వారమంతా మీరు బాత్రూమ్‌కి వెళ్ళినా తలుపు కొడుతుంది. చెప్పి, ముద్దు పెట్టి, ఏడిస్తే ఏడవనిచ్చి, మళ్ళీ వెనక్కి రాకుండా వెళ్ళిపోవాలి. మీరు లిఫ్ట్ దిగాక ఆ ఏడుపు ఎంతసేపుందో అత్తయ్యగార్ని అడగండి, చాలాసార్లు అది మీరు అనుకున్నంతసేపు ఉండదు.

దీనికంటే ముందు ఒక రాత్రి రిహార్సల్ చేసుకోండి. వైజాగ్‌కి కనీసం మూడు వారాల ముందు, హైదరాబాద్‌లోనే ఏదైనా హోటల్లో ఒక్క రాత్రి ఉండి రండి. అందుకు అత్తయ్యగారే అక్కర్లేదు, మీ అమ్మగారు ఊళ్ళో ఉంటే ఆవిడే ఉండొచ్చు. అలా ఉంచితే, సరదా ఏంటని అడిగిన ఆవిడ మాట కూడా మెత్తబడుతుంది. పాప రాత్రి లేస్తుందా, లేస్తే ఎవరి దగ్గర ఊరుకుంటుంది అన్నది మనం ఊహించడం కంటే ఆ ఒక్క రాత్రి చూస్తే తేలిపోతుంది. ఆ రాత్రి అస్సలు కుదరకపోతే వైజాగ్ ఆర్నెల్లు వాయిదా వేయండి, కొంపలేం మునగవు.

వీడియో కాల్ రోజుకి ఒక్కటే. సాయంత్రం పిల్లలు ఆడుకుని వచ్చాక, పాలు తాగేటప్పుడు చేయండి. పడుకునే ముందు మాత్రం వద్దు. అప్పటిదాకా హాయిగా ఉన్న పిల్ల అమ్మ మొహం చూడగానే పెదవి విరుస్తుంది, ఇక అత్తయ్యగారికి జాగారమే. మీ ఇద్దరి ఫోన్లలో ఒకటి ఎప్పుడూ రింగులో ఉండాలి, రెండోది బ్యాగులో ఉండాలి. ఇంకో చిన్న మాట, కాస్త మొహమాటంగా ఉన్నా చెప్తాను. బీచ్ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో అప్పుడే పెట్టకండి. మీరు ఎక్కడున్నారో మీ పెద్దాడపడుచు, పిన్నత్తగారు, తోడికోడలు చూసి అత్తయ్యగారికే ఫోన్ చేస్తారు. "నీకు అప్పజెప్పి వాళ్ళు షికార్లా" అని ఒక్కమాట అంటే చాలు, అంతవరకూ సరదాగా ఉన్నావిడ మనసు చివుక్కుమంటుంది. వచ్చాక పెట్టుకోవచ్చు.

ఇప్పుడు వైజాగ్. మీ రెండు రాత్రుల్లో ఒకటి రైల్లో, ఒకటి హోటల్లో గడపండి. శుక్రవారం సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో ఉంటారు. 1974 నుంచి నడుస్తున్న బండి అది, ఆంధ్రా వైపు వాళ్ళకి దాదాపు చుట్టం. ఫస్ట్ ఏసీ దొరికితే ఇద్దరికే ఉండే కూపే ఇమ్మని అడగొచ్చు గానీ, అది చార్టు వేసేటప్పుడే తేలుతుంది, గ్యారంటీ లేదు. నలుగురి క్యాబిన్ వచ్చినా చింతించకండి. పిల్లల పాల సీసా, తడి తువ్వాలు, బొమ్మల సంచీ లేకుండా బెర్తు మీద కాళ్ళు చాపుకోవడమే మీకు పెద్ద విలాసంగా అనిపిస్తుంది.

తెల్లవారుజామున దిగితే చిక్కు చెకిన్ దగ్గర వస్తుంది. హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో గది ఇస్తాయి. ఆరింటికి లాబీలో సూట్‌కేసు మీద కూర్చుంటే భార్యాభర్తలకి గొడవ మొదలవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. బుక్ చేసిన వెంటనే హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి ఎర్లీ చెకిన్ అడగండి, సగం రోజు అద్దె అడిగినా ఇచ్చేయండి. హోటల్ రాత్రి ఒక్కటే కాబట్టి, రెండు రాత్రులకి పెట్టే డబ్బుతో ఒకటిన్నర రోజు మంచి గదిలో ఉండొచ్చు.

గది ఎక్కడ తీసుకోవాలి? రుషికొండ వైపు రిసార్టులు ఫోటోల్లో బాగుంటాయి. కానీ ఊళ్ళోకి పది పన్నెండు కిలోమీటర్లు, టీకీ టిఫిన్‌కీ కూడా అయితే వాళ్ళ దగ్గరే తినాలి, కాకపోతే క్యాబ్ పిలవాలి. నేనైతే ఆర్కే బీచ్ నుంచి నడిచి వెళ్ళగలిగే చోటే తీసుకుంటాను. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. ఊరు ఊరంతా అక్కడే నడుస్తుంటుంది. మీరిద్దరూ ఒకే వేగంతో, ఎవర్నీ చంకనెత్తుకోకుండా నడిచి ఎన్నేళ్ళయిందో ఆలోచించండి. బుకింగ్‌లో "పార్షియల్ సీ వ్యూ" అని ఉంటే బాల్కనీలో మెడ వంచితే కనిపించే సముద్రం అని అర్థం చేసుకోండి.

శనివారం ఉదయం టిఫిన్ చేసి పడుకోండి. నిజంగానే చెప్తున్నాను. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు మొదటిసారి బయటికి వస్తే మొదటి సగం రోజు నిద్రే పోతారు, దాన్ని రొమాన్స్ లేదని లెక్కేసుకుని బాధపడక్కర్లేదు. లేచాక కూడా మాటలన్నీ పిల్లల గురించే ఉంటాయి. "పిల్లల మాట ఎత్తకూడదు" అని పందెం పెట్టుకునే జంటలుంటారు. ఆ పందెం వల్ల ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోవడమే తప్ప వేరే లాభం నాకు కనపడలేదు. మాట్లాడనివ్వండి, సాయంత్రానికి దానంతటదే వేరే వైపు తిరుగుతుంది.

ఏం చూడాలన్న దానికి నాది ఒక వింత నియమం. "అయ్యో, పిల్లలుంటే ఎంత సరదాపడేవాళ్ళో" అనిపించే చోటుకి వెళ్ళొద్దు. అంటే ఆర్కే బీచ్‌లో నిలబెట్టిన కురుసుర జలాంతర్గామికి ఈసారి సెలవు. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసి, మరుసటి ఏడాది మ్యూజియం అయిన ఓడ అది. లోపల ఆ ఇరుకు దారిలో వంగి వంగి వెళ్తుంటే మీ బాబు గుర్తొచ్చి తీరతాడు. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, కైలాసగిరి మీద రోప్‌వే, బొమ్మ రైలు కూడా అంతే. అవన్నీ నలుగురూ కలిసి వచ్చే ట్రిప్పుకి దాచుకోండి. అరకు గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. వద్దు, రోజంతా ప్రయాణమే అయిపోతుంది.

పిల్లలతో వెళ్తే విసుగొచ్చే చోట్లకి వెళ్ళండి. తొట్లకొండ అలాంటిది. భీమిలి రోడ్డు మీద, సముద్రం పక్కనే కొండ మీద, రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువుల ఆవాసం. నౌకాదళం వాళ్ళు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడిందట, తర్వాత పురావస్తు శాఖ తవ్వింది. ఇప్పుడు మిగిలినవి స్తూపాల పునాదులు, భిక్షువుల గదుల వరసలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద నీలంగా బంగాళాఖాతం. మూడేళ్ళ పిల్లయితే పది నిమిషాలకే "ఎత్తుకో" అంటుంది. ఇద్దరే ఉంటే గంట తెలియకుండా గడిచిపోతుంది. నీడ తక్కువ, మధ్యాహ్నం వెళ్ళకండి, నాలుగు దాటాక బయలుదేరండి. అటునుంచి అటే భీమిలి పోవచ్చు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు అక్కడ వర్తకం చేశారు, వాళ్ళ సమాధులు బీచ్ దగ్గర ఇంకా ఉన్నాయి. దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు తగులుతాయి, ఆగి చూడండి గానీ లోపలికి మరీ దూరం వెళ్ళకండి, దారులన్నీ ఒకేలా ఉంటాయి.

రాత్రికి రొయ్యల వేపుడో పీతల పులుసో తిని, ఓపికుంటే జగదాంబ సెంటర్‌లో సెకండ్ షో చూడండి. సినిమా ఏదైనా ఫర్వాలేదు. ఇంటర్వెల్‌లో ఎవర్నీ బాత్రూమ్‌కి తీసుకెళ్ళక్కర్లేదు, అదే దాని గొప్ప. ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఎప్పుడు వెళ్ళినా మరమరాల మిక్చర్ తినండి, ఉల్లిపాయ, నిమ్మకాయ కాస్త ఎక్కువ వేయించుకుని. నీళ్ళలోకి మాత్రం మోకాళ్ళు దాటి దిగొద్దు. ఆ ఒడ్డున అలలు లోపలికి లాగేస్తాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా పోతుంటారు. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.

ఆదివారం పొద్దున్న ఒక్క పని చాలు, పాత ఊరు. హార్బర్ పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. కింద కురుపాం మార్కెట్ సందులు, విక్టోరియా రాణి విగ్రహం. ఎండెక్కకముందు నడిచి వచ్చేయొచ్చు. లేదూ సింహాచలం దర్శనం కావాలంటే అటు వెళ్ళండి, రెండూ పెట్టుకుని పరుగులు తీయకండి. దర్శనం మీ కోరికైతే ఏడాది పొడుగునా స్వామి చందనంలోనే ఉంటారు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఆ రోజూ, ఆషాఢంలో గిరి ప్రదక్షిణ వారమూ రోడ్లూ హోటళ్ళూ కిక్కిరిసిపోతాయి, అప్పుడు అసలు రాకండి. అక్టోబరు, నవంబరులో తుపానుల భయం ఉంటుంది. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరులోనే. నా ఓటు జనవరి లేదా ఫిబ్రవరి, అదీ సంక్రాంతి వారం వదిలేసి.

తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం విమానంలో పెట్టుకోండి. రాత్రి రైలెక్కి సోమవారం పొద్దున్నే దిగితే స్కూల్ వ్యాన్ హడావుడిలో మిమ్మల్ని ఎవరూ పలకరించరు. పైగా అత్తయ్యగారికి ఇంకో రాత్రి భారం. పిల్లలు మేలుకుని ఉండగానే ఇంట్లో అడుగుపెట్టాలి. మీ పాప పరిగెత్తుకుంటూ రాకపోవచ్చు. మొహం తిప్పుకుని నాయనమ్మ చీర పట్టుకుని నిలబడొచ్చు, రెండు రోజులు మీ మీద అలగొచ్చు. ఆ వయసు పిల్లలు చాలామంది అలాగే చేస్తారు. బతిమాలకుండా మామూలుగా పక్కన కూర్చోండి.

అత్తయ్యగార్ని సోమవారమే తెనాలి పంపేయకండి. ఒకరోజు వంట మీరే చేసి పెట్టి, మంగళవారం పగటి బండి ఎక్కించండి. చేతిలో మాడుగుల హల్వా పెట్టండి. వైజాగ్‌లో అమ్ముతారు.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, మునుపటిలా 120 కాదు. శుక్రవారం గోదావరి త్వరగా నిండిపోతుంది కాబట్టి, తేదీ ఖాయమైతే బుకింగ్ తెరిచిన పొద్దునే చేసేయండి. కానీ అంతకంటే ముందు ఈ ఆదివారం మీవారిచేత తెనాలికి ఫోన్ చేయించండి.